మగ్గపు ఇంట పిల్లి కూడు

వెనకటి ఇళ్ళల్లో ఉట్టి అని ఒకటి ఉండేది. పాలకుండ, పెరుగు చట్టి, పండుగనాడు మిగిలిన కూర అన్నీ ఆ ఉట్టిమీదనే. పిల్లికి అందకూడదని పెద్దలు చేసుకున్న ఏర్పాటది. మా ఇంట్లో ఇప్పుడు ఉట్టి లేదు గాని, మగ్గాల షెడ్డులో ఒక పాత ఫ్రిజ్ ఉన్నది. దాని పై అరలో పద్నాలుగు చిన్న డబ్బాలు గడ్డకట్టి వరుసగా కూర్చొని ఉంటాయి. ఆ పద్నాలుగూ పిల్లులవే. పిల్లికి అందకుండా దాచే కాలం పోయి పిల్లి కోసం దాచే కాలం వచ్చిందని మా అవ్వ మొదట్లో ఎత్తిపొడిచేది. ఇప్పుడూ ఆ మాట అంటుంది గాని, అంటూ అంటూనే డబ్బాలు లెక్కపెడుతుంది.

ఈ పత్రిక చదివే సోదర సోదరీమణులలో షోలాపురం చూడనివారు చాలామంది ఉంటారు గనుక రెండు మాటలు చెప్పి ముందుకు పోతాము. ఊరి తూర్పు భాగమంతా మనవాళ్ళే. కన్నా చౌక్, సాకర్ పేఠ, దాజీ పేఠ, అశోక్ చౌక్, ఎటు పోయినా తెలుగే వినిపిస్తుంది. అయితే ఆ తెలుగులో సగం మరాఠీ, కొంత కన్నడం కలిసి ఉంటుంది. 1877లో ఇక్కడ నూలు మిల్లు నడవడం మొదలైన తరువాత కరీంనగరం, వరంగల్లు, నల్లగొండ, పాలమూరు దిక్కులనుంచి సాలె కుటుంబాలు బండ్లు కట్టుకొని వచ్చినవి. మిల్లులు ఒకటొకటిగా మూతపడినా చద్దర్లు, తువ్వాళ్ళు మాత్రం మిగిలినవి. షోలాపురి చద్దరు పేరు వినని ఇల్లు ఉండదు గదా! మాకు నాలుగు మరమగ్గాలు. ముందు గదిలో కాపురం, వెనుక షెడ్డులో మగ్గాలు. మధ్యలో ఒక్క గోడ. ఆ గోడ ఉన్నదని చెప్పుకోవడానికే గాని, చప్పుడు ఆపడానికి కాదు.

నేతవాడి ఇంటికి పిల్లి అలంకారం కాదు. గంజి పెట్టిన పడుగు ఎలుకకు పెళ్ళివిందు. ఒక్క రాత్రి ఎలుక పడుగుమీద నడిచి పోయిందంటే, మరునాడు సగం పూట తెగిన పోగులు అతకడానికే సరిపోతుంది. జాకార్డు తాళ్ళు కొరికితే ఇక చెప్పనే అక్కరలేదు. పువ్వు ఉండవలసిన చోట గీత పడుతుంది, ఆ చద్దరును సావుకారు పక్కకు తోసేస్తాడు. అందుకని మా తాతల గుంటమగ్గాల నాటినుంచీ ఇంట్లో పిల్లి ఉంటూనే వచ్చింది. తెనాలి రామలింగడి పిల్లి కథ పిల్లలకు చెప్పేటప్పుడు మా అవ్వ రాయలవారి నగరాన్ని ఎత్తివేసి, ఎలుకలు మన పేటలోనే పడ్డట్టు చెబుతుంది. పిల్లలు నమ్ముతారు. మేమూ నమ్మినవాళ్ళమే.

అప్పటి పిల్లులకు పెట్టినదేమిటి? పాలలో నానేసిన జొన్న రొట్టె ముక్క, ఆదివారంనాడు ఎముకలు. అంతే. మరి అవి ఎట్లా బ్రతికినవని ఎవరైనా అడిగితే జవాబు సులువు. మనం పెట్టినది వాటికి ఫలహారం మాత్రమే. అసలు భోజనం అవే సంపాదించుకొనేవి. ఎలుక అనగా ఏమనుకున్నారు? మాంసం, నెత్తురు, గుండె, కార్జం, మెత్తటి ఎముక అన్నీ సరిపాళ్ళలో కట్టి భగవంతుడు పంపిన పొట్లం. తూకం వేయనక్కరలేదు, దాచనక్కరలేదు, వెచ్చగా కూడా ఉంటుంది. ఇప్పుడు షెడ్లకు సిమెంటు గచ్చు వచ్చింది, ఎలుకలు తగ్గినవి. ఉన్నవాటికి వీధిలో మందు పెడుతున్నారు. మందు తిన్న ఎలుకను తిన్న పిల్లి మిగలదు. మా గల్లీలో అట్లా పోయినవి ఒకటా రెండా! కాబట్టి పిల్లిని ఇంట్లో ఆపవలసి వచ్చింది. ఆపినవాళ్ళం కూడు కూడా మనమే పెట్టవలెను గదా.

మాకిప్పుడు రెండు పిల్లులు. మగదాని పేరు నాడె, ఆడదాని పేరు కండె. మొదటిది మగ్గంలో నాడె వలె ఈ గోడకూ ఆ గోడకూ పరుగెత్తుతుంది గనుక ఆ పేరు మా బిడ్డ పెట్టింది. రెండవది చుట్టుకొని పడుకుంటే అచ్చం నిండు కండెయే. కండె మా ఇంటికి వచ్చిన వైనం చెప్పకపోతే ఈ తూకాల గొడవంతా ఎందుకో తెలియదు.

2022 చలికాలంలో, అవతలి గల్లీవారు ఊరు మారుతూ దానిని మాకు అప్పగించినారు. ఐదారు నెలల పిల్ల. ఎంతో గారాబంగా పెంచినారు. ఎముక గొంతులో దిగుతుందేమోనని భయపడి, రోజూ ఎముక లేని కోడి కండ, ఇష్టంగా తింటున్నదని కార్జం పెట్టేవారట. బొచ్చు మెరుస్తున్నది, ముఖం నిండుగా ఉన్నది. కాని నడక చూస్తే వెనుక కాళ్ళు వంకర పోతున్నవి. నూలు మూటమీదినుంచి, జానెడు ఎత్తునుంచి దిగితే కుయ్యోమని పడిపోయింది. పశువుల డాక్టరు దగ్గరకు తీసుకొనిపోతే, ఆయన వీపుమీద చేయి వేసి చూసి, ఎక్స్‌రే తీయించి, "దీనికి తిండి తక్కువ కాలేదు, సున్నం తక్కువయింది" అన్నారు.

ఆయన చెప్పిన సంగతి మా నేత భాషలో చెబుతాము. ఉత్త మాంసంలో భాస్వరం మెండు, సున్నం బహు కొంచెం. పిల్లి ఒంటికి ఆ రెండూ దాదాపు సమంగా, సున్నమే ఒక పిసరు ఎక్కువగా కావలెను. తిండిలో సున్నం దొరకకపోతే నెత్తురు ఊరుకోదు, ఎముకలోనుంచి లాక్కుంటుంది. పేక చాలలేదని పడుగులోనుంచి పోగులు పీకి నేసినట్లన్న మాట. పైకి బట్ట నిండుగానే కనిపిస్తుంది, పట్టి లాగితే చినుగుతుంది. కార్జం సంగతి వేరు. అది మంచిదే గాని, అందులోని ఏ విటమిను ఒంట్లో పేరుకుంటుంది. నెలల తరబడి ఎక్కువగా తింటే పిల్లి మెడ, వెన్ను ఎముకలు బిగుసుకుపోతాయి. కాబట్టి ఇరవై పాళ్ళలో ఒక పాలు మించకూడదన్నారు.

ఆరు వారాలు కండెను నూలు వచ్చే అట్టపెట్టెలో, ఎగరకుండా దూకకుండా ఉంచినాము. డాక్టరు రాసి ఇచ్చిన లెక్క ప్రకారం కూడు పెట్టినాము. ఏడవ వారం అది పెట్టె అంచు దాటి, నెమ్మదిగా, చాలా ఆలోచించి నేలమీద కాలు పెట్టింది. ఈనాటికీ వెనుక కాలు కొంచెం ఎడంగానే వేస్తుంది. అయితే మగ్గంమీదికి ఎక్కుతుంది, దిగుతుంది. మాకు అదే పదివేలు.

ఇక లెక్క. నాడె నాలుగు కిలోలు, కండె మూడు కిలోలు. ఎదిగిన పిల్లి రోజుకు తన బరువులో నూటికి మూడు, నాలుగు వంతుల పచ్చి కూడు తింటుంది. మావి ఆటపాటల పిల్లులు గనుక నాలుగు వంతులు వేసుకున్నాము. దానికి 160 గ్రాములు, దీనికి 120. రెండూ కలిసి రోజుకు 280, వారానికి 1,960. రెండు పూటలు పెడతాము గనుక వారానికి పద్నాలుగు డబ్బాలు, డబ్బాకు 140 గ్రాములు. పూటకు ఒక డబ్బా తీస్తే నాడెకు 80, కండెకు 60 సరిగ్గా పోతాయి. ఈ లెక్క కుదిరిన రోజు చిట్టా పుస్తకంలో జమాఖర్చు కుదిరినంత సంతోషం కలిగిందంటే నమ్మండి.

వారానికి కావలసిన సరుకు ఇది. తొడ కండ 1,400 గ్రాములు, గుండెకాయలూ కందనకాయలూ కలిపి 400, కార్జం 100. రెండు కోడిగుడ్ల పచ్చసొనలు. ఆ గుడ్ల పెంకులనే కడిగి, వేడి పెనంమీద ఎండబెట్టి, కల్వంలో మైదా వలె మెత్తగా నూరి, పన్నెండు గ్రాములు తూచి వేస్తాము. అనగా రెండు చిన్న చెంచాలకు పైచిలుకు. రెండు గుడ్లకు అంత పొడి రాకపోతే ఇంట్లో వాడుకున్న గుడ్ల పెంకులు కూడబెట్టుకోవలెను. పచ్చి తెల్లసొన మాత్రం వేయము. అది బయోటిన్ అనే విటమినును కట్టి పడవేస్తుందట. ఉల్లి, వెల్లుల్లి తగలనే కూడదు. పిల్లి నెత్తురులోని ఎర్రకణాలను అవి విరిచేస్తాయి. మన ఇళ్ళల్లో కూర మిగిలింది గదా అని పిల్లికి పెట్టేవారు ఇది గమనించవలెను. షోలాపురం కాళా మసాలాలో ఆ రెండూ లేని కూర ఎక్కడున్నది?

గుండెకాయల మీద అంత పట్టు ఎందుకంటే దానికొక కథ ఉన్నది. టారిన్ అని ఒక పదార్థం. 1827లో జర్మనీ పండితులు ఎద్దు పైత్యరసంలోనుంచి మొదట తీసినారు, దానికి ఎద్దు పేరే వచ్చింది. కుక్క తన ఒంట్లో తానే దీనిని చేసుకుంటుంది. పిల్లికి ఆ విద్య చాలినంత లేదు, తిండిలోనే దొరకవలెను. లేకపోతే మొదట కంటిచూపు పోతుంది, తరువాత గుండె వదులవుతుంది. 1987లో కాలిఫోర్నియాలో పాల్ పియాన్ అనే పశువైద్యుడూ ఆయన తోటివారూ, గుండె జబ్బుతో వచ్చిన పిల్లులకు టారిన్ ఇచ్చి తిప్పుకొని చూపించినారు. అప్పటిదాకా డబ్బా తిండి తిని చచ్చిన పిల్లులెన్నో! ఆ తరువాతనే కంపెనీలవారు తమ తిండిలో దానిని పెంచినారు. నిరంతరం కొట్టుకొనే కండరంలో టారిన్ ఎక్కువ. అందుకే గుండెకాయ. మా కోడి దుకాణం వాడు వెనకటికి వాటిని ఊరికే ఇచ్చేవాడు. మేము వారం వారం అడగడం చూసి ఇప్పుడు వెల కట్టినాడు. వ్యాపారం గదా!

పాత్రలు, కత్తి, పీట ముందే వేడినీళ్ళు పోసి కడుక్కోవలెను. ఇది చెప్పడానికి చిన్న మాట. ఉజనీ నీళ్ళు నల్లాకు నాలుగైదు రోజులకొకసారి వచ్చిన కాలంలో, నీళ్ళు వచ్చిన రోజే మా పిల్లి కూడు వంతు. మాంసం కొన్న వెంటనే పని ముగించి ఫ్రిజ్‌లో పెట్టవలెను. చల్లదనం తప్పిన మాంసంలో సూక్ష్మజీవులు ఇరవై నిమిషాలకు రెట్టింపు కాగలవు. వైశాఖంలో మా ఊరు 43 డిగ్రీలు కాసేటప్పుడు అవి ఇంకేమి చేస్తాయో ఊహించుకోండి. కోసి, కలిపి, నూలు తూచే కాటామీద డబ్బా డబ్బా తూచి నింపుతాము. లోతు డబ్బాలకంటే పళ్ళెం వలె పలుచటివి మేలు. తొందరగా గడ్డకడతాయి, తొందరగా కరుగుతాయి. మూతకు వేలెడు సందు వదలకపోతే గడ్డ కట్టినప్పుడు ఉబ్బి మూత లేచిపోతుంది. ప్రతి డబ్బామీద తేదీ చీటీ. ముందు పెట్టినది ముందు తీయవలెను. ఇదంతా ఇంటి ఇల్లాళ్ళకు మేము చెప్పాలా?

తూచి పంచి పెట్టడం కొత్త సంగతి కూడా కాదు. లండనులో వీధి వీధి తిరిగి పిల్లులకు గుర్రపు మాంసం అమ్మేవాళ్ళు వేలమంది ఇళ్ళకు పోసేవారని, పుల్లకు గుచ్చి ఇంత అని లెక్కగా అమ్మేవారని హెన్రీ మేహ్యూ అనే ఆయన 1851లోనే రాసినాడు. పుల్ల చూస్తే పిల్లికి పూట తెలిసేదేమో! మా పిల్లులకు డబ్బా మూత చప్పుడు చాలు. నాలుగు మగ్గాలు నడుస్తున్నా అది వాటికి వినిపిస్తుంది. మేము ఒకరినొకరం కేకవేసి పిలిస్తే మాత్రం మాకే వినిపించదు.

రాత్రి పడుకునే ముందు మరునాటి రెండు డబ్బాలు పై అరనుంచి కింది అరకు దింపుతాము. తెల్లవారేసరికి మెత్తబడతాయి. అప్పుడు డబ్బాను మూతతోనే గోరువెచ్చని నీళ్ళలో కాసేపు నిలబెడితే చలి విరుగుతుంది. చల్లటి కూడు పిల్లి ముట్టదు. దాని ఎలుక ఎప్పుడూ వెచ్చగానే ఉండేది గదా. కరిగినప్పుడు ఊరిన ఎర్రటి నీరు పారబోయకూడదు. టారిన్‌లో కొంత ఆ నీటిలోనే ఉంటుంది. పెట్టిన అరగంటకు మిగిలినది తీసివేయవలెను, మళ్ళీ గడ్డ కట్టించకూడదు.

కరెంటు సంగతి ఒకటి చెప్పి ఈ ప్రకరణం ముగిస్తాము. ఒక చిన్న గిన్నెలో నీళ్ళు గడ్డ కట్టించి దానిమీద రూపాయి బిళ్ళ పెట్టి పై అరలో ఉంచండి. మీరు ఊరినుంచి వచ్చేసరికి బిళ్ళ పైననే ఉంటే సరే. గడ్డ లోపలికి దిగి ఉంటే, మీరు లేనప్పుడు కరెంటు పోయి అంతా కరిగి మళ్ళీ కట్టిందని అర్థం. ఆ డబ్బాలు ఎవరికీ పెట్టవద్దు. ఈ రూపాయి సాక్ష్యం ముందర ఫ్రిజ్ అబద్ధమాడలేదు.

అవ్వ సంగతికి వస్తాము. అవ్వ మాంసం తినని మనిషి కాదు. అయితే సోమవారం, శనివారం, శ్రావణమాసం అంతా ఇంట్లో కూర ముట్టరాదు. మొదట మేము డబ్బాలు పెట్టినది ఇంట్లోని ఫ్రిజ్‌లోనే. అందులోనే దేవుని పాలు, పెరుగు. శ్రావణం వచ్చేదాకా సహించి, ఆనాడు ఆమె నోరు విప్పింది.

"శ్రావణంల మనుషులే కూర ముట్టకపాయిరి. పిల్లికి డబ్బాలు నింపుతరా? పున్నమి నాడు మార్కండేయుని రథం ఎల్తది, జంధ్యాలు ఏస్కుంటరు. ఆ దినమన్న సోయి ఉండాలె గద!"

"పిల్లికి శ్రావణం ఏం తెలుస్తదే అవ్వా?" అన్నాము.

"దానికి తెల్వదు. మీకు తెల్వాలె గద బిడ్డా."

దీనికి జవాబు లేదు. పిల్లి మాంసం తప్ప బ్రతకలేని జంతువు, దానిని నెలరోజులు పాలన్నం మీద పెట్టడం కుదరదు. పైగా ఎదిగిన పిల్లులు చాలావాటికి పాలు అరగవు. అవ్వ మాటా తీసివేయదగినది కాదు. ఎనభై ఏళ్ళుగా పట్టిన నియమమది. శ్రావణానికి ముందు గటారీ అమావాస్యనాడు ఊరంతా కోడి దుకాణాల ముందు బారులు తీరినప్పుడే నెలకు సరిపడా నింపుదామా అంటే అరవై డబ్బాలు అవుతాయి, ఎక్కడ పెట్టేది? చివరకు మూడువేల రూపాయలకు ఒక పాత ఫ్రిజ్ కొని షెడ్డులో, కండెలు చుట్టే యంత్రం పక్కన పెట్టినాము. సోమ, శనివారాలలో, పున్నమినాడు దానిలో కొత్తగా ఏమీ పెట్టము, కోయము. గడ్డకట్టిన డబ్బా తీసి పిల్లి ముందు పెట్టడం వరకే. కోసిన రోజు స్నానం చేస్తేగాని వంటింట్లోకి రాము. అవ్వ ఒప్పుకున్నది. మేమూ సంతోషించినాము, ఎందుకంటే పచ్చిమాంసమూ మనం తినే వస్తువులూ వేరువేరుగా ఉండవలెనని డాక్టరు ఎప్పటినుంచో చెబుతున్నారు. అవ్వ మడి, ఆయన శుభ్రం, రెండూ ఒకే ఫ్రిజ్‌లో ఇమిడినవి.

అసలు పరీక్ష 2025 జనవరిలో వచ్చింది. మా బిడ్డ తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. ఏడవ నెల. ఆ నెలలోనే మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో ఇంటి పిల్లులకు పక్షుల జ్వరం, అదే హెచ్5ఎన్1, సోకిందని పత్రికలలో వచ్చింది. మనదేశంలో పెంపుడు పిల్లులలో అది బయటపడటం అదే మొదలు. అక్కడ కోడి దుకాణాలు మూయించినారు. దానికి ఒక నెల ముందే అమెరికాలో పచ్చి కూడు తిన్న ఇంటి పిల్లి ఒకటి అదే జ్వరంతో చచ్చిపోగా, ఆ కంపెనీ సరుకు వెనక్కు తీసుకున్నారు. గడ్డకట్టించినంత మాత్రాన ఆ విషక్రిమి చావదు. సాల్మొనెల్లా కూడా అంతే. చలి వాటిని నిద్రపుచ్చుతుంది గాని చంపదు.

మా వాకిట్లో ఆడవాళ్ళ సభ జరిగింది. "కడుపుతో ఉన్న పిల్లను పెట్టుకొని పిల్లులేంది? సంచిలేసి అక్కల్‌కోట్ రోడ్డు అవుతల ఇడిసిపెట్టుండ్రి" అన్నారు. పిల్లి మలంవల్ల కడుపులోని బిడ్డకు కీడు జరుగుతుందని ఒకామె ఎక్కడో విన్నది. మా బిడ్డ ఏడ్చింది. నాడె దాని చేతిలో పెరిగిన పిల్లి. మాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. బిడ్డకంటే పిల్లి ఎక్కువా అని ఎవరైనా అడిగితే ఏమని చెబుతాము? కాలు వంకర పోయిన కండెను రోడ్డుమీద వదిలితే ఎన్నాళ్ళుంటుంది?

మరునాడు కాన్పుల డాక్టరమ్మను అడిగినాము. ఆమె నవ్వి, కూర్చోబెట్టి వివరంగా చెప్పింది. ఆ ఒకామె విన్నది అబద్ధం కాదు. టాక్సోప్లాస్మా అనే సూక్ష్మజీవి ఉన్నది. పిల్లికి అది పచ్చిమాంసంనుంచో ఎలుకనుంచో వస్తుంది, కొన్నాళ్ళు మలంలో పోతుంది. గర్భిణికి ఆ సమయంలోనే కొత్తగా సోకితే కడుపులోని బిడ్డకు ముప్పు. అయితే మలంలో పడిన వెంటనే అది అంటదు, అంటే శక్తి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది. కాబట్టి ప్రతిరోజూ ఇంకెవరైనా ఆ మట్టి తీసివేసి శుభ్రం చేయవలెను. గర్భిణి ముట్టకూడదు. పిల్లి వీధిలోకి పోకూడదు. పచ్చిమాంసం మానవలెను. కూరగాయలు కడిగి తినవలెను, మాంసం బాగా ఉడికించి తినవలెను. "పిల్లికంటే మీ ఇంట్లో సరిగ్గా ఉడకని కూరకూ, కడగని చేతికీ ఎక్కువ భయపడండి" అన్నది.

ఇంటికి వచ్చి అవ్వకు చెప్పినాము. అవ్వ చాలాసేపు బీడీ ఆకు కత్తిరిస్తూ ఊరుకున్నది. తరువాత, "గట్లనైతే ఉడకబెట్టుండ్రి. మట్టి నేను తీస్త" అన్నది. ఆ మాట ఆమె నోట వస్తుందని మేము అనుకోలేదు.

ఆనాటినుంచి మా ఇంట పచ్చి కూడు పోయి ఉడుకు కూడు వచ్చింది. సరుకు అదే, లెక్క అదే. కొంచెం నీటిలో, ఎరుపు పోయేదాకా ఉడికించి దింపుతాము. డెబ్బై డిగ్రీలు దాటి లోపలిదాకా ఉడికితే పక్షుల జ్వరపు క్రిమి నిలవదు. ఉడికినప్పుడు టారిన్ చాలావరకు నీటిలోకి దిగుతుంది గనుక ఆ నీళ్ళు బంగారమే. ఉడికిన మాంసం తరుగుతుంది, ఆ తరుగును ఆ నీటితోనే నింపి మళ్ళీ 1,960 గ్రాములు చేస్తాము. చల్లారిన తరువాత పెంకు పొడి కలుపుతాము. డాక్టరు చెప్పిన కొలతలో టారిన్ పొడి కూడా వేస్తాము. గుడ్డు ఉడికించినదే గనుక తెల్లసొన పారవేయనక్కరలేదు. ఎముక మాత్రం ఉడికినది ఒక్కటీ పోనీయము. ఉడికితే పెళుసై సూది వలె విరుగుతుంది. చేపలకూ ఇదే మంచిది. కొన్ని చేపల పచ్చిమాంసంలో బి1 విటమినును తినివేసే పదార్థం ఉంటుంది, ఉడికితే పోతుంది.

పచ్చిదే ప్రకృతి సిద్ధమని వాదించే మిత్రులు మాకు ఉన్నారు. పాటెంజర్ అనే డాక్టరు కాలిఫోర్నియాలో 1932 నుంచి పదేళ్ళు వందలాది పిల్లులమీద పరీక్ష చేసి, ఉడికించినది తిన్నవి క్షీణించినవని చెప్పినాడు గదా అంటారు. నిజమే. కాని పిల్లికి టారిన్ అవసరమన్న సంగతి ఆయన కాలానికి ఎవరికీ తెలియదు. ఉడికించి నీళ్ళు వదిలితే పోయేదేమిటో ఇప్పుడు తెలిసింది గనుక నీళ్ళు వదలము. పచ్చి కూడు పెట్టిన రోజులలోనూ మా పిల్లులు బాగానే ఉన్నవి, ఇప్పుడూ బాగున్నవి. చిన్నపిల్లలు, గర్భిణులు, ముసలివారు ఉన్న ఇంట్లో మాత్రం ఉడికించినదే సరి అని మా అభిప్రాయం. మన ఇళ్ళల్లో ఈ ముగ్గురిలో ఎవరూ లేని ఇల్లు ఏది?

మార్చిలో మా బిడ్డకు మగపిల్లవాడు పుట్టినాడు. తల్లీ బిడ్డా క్షేమం. పిల్లవాడి ఉయ్యాల కట్టిన గదిలోకి పిల్లులను చాలాకాలం రానీయలేదు. నాడె గడపమీద కూర్చొని ఉయ్యాల తాడు అటూ ఇటూ పోవడం చూస్తుండేది.

ఇప్పుడు డబ్బాలు తూచేది అవ్వే. మేము తూస్తే ఒక గ్రాము అటో ఇటో అవుతుందని ఆమె అనుమానం. బీడీలు ఇరవై ఐదు చొప్పున కట్టలు కట్టి, వేయికి ఒక్కటి తగ్గకుండా అరవై ఏళ్ళు లెక్క అప్పజెప్పిన చేయి అది. తూకానికి కూర్చునే ముందు పొగాకు చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుంటుంది. పొగాకు పిల్లికి విషమని ఒకసారి చెప్పినాము, రెండవసారి చెప్పనక్కరలేకపోయింది. శ్రావణంలో తూకానికి ఆమె రాదు. షెడ్డు వాకిట్లోనే కుర్చీ వేయించుకొని, ఎడంగా కూర్చొని, కాటామీద అంకె ఎంత వచ్చిందో అక్కడినుంచే అడుగుతుంది. "నూట ముప్పై ఎనిమిది" అంటే, "ఇంకొంచెం నీళ్ళు పోయిరి" అంటుంది.